గుండ్లవారిపాలెంలో చుక్క పడింది

చెంచురామయ్య పెళ్లి చేసుకున్నది చీరాలలో, కాపురం చేస్తున్నది ఆర్టీసీ బస్సులో అని ఆయన స్నేహితులు ఒక మాట పుట్టించారు. అందులో అబద్ధం పెద్దగా లేదు. భార్య కోటేశ్వరి చీరాలలో పంతులమ్మ. ఆయనేమో కనిగిరి అవతల ఒక మండలంలో భూసార పరీక్ష సహాయకుడు. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్లి, ఆదివారం మధ్యాహ్నం ఆవిడ చేసిన చేపల పులుసు తిని, చెయ్యి ఆరకముందే తిరుగు బస్సెక్కేవాడు. మొగుడూ పెళ్లాలను ఒకచోట వెయ్యమని ఆయన పెట్టుకున్న అర్జీ మాత్రం ఏ బస్సూ ఎక్కకుండా జిల్లా కార్యాలయంలోనే హాయిగా కాపురముంటోంది.

అలా ఉండగా శాఖలోకి ‘భూనేత్రం’ వచ్చింది. అదొక పటాల సాఫ్ట్‌వేరు. ఊరి పటం అందులో పెట్టి మీట నొక్కితే, ఎక్కడెక్కడ మట్టి తియ్యాలో అదే నిర్ణయించి పటం మీద ఎర్రటి పాయింట్లు చల్లుతుంది. సహాయకుడు ఫోను పట్టుకుని ఆ పాయింటు దగ్గరికి నడిచిపోయి, అక్కడే తవ్వి, మట్టి సంచిలో వేసి, ఫొటో తీసి పంపితే ఎర్ర పాయింటు పచ్చగా మారుతుంది. అంతకుముందు పద్ధతి వేరు. మండలం మొత్తం మట్టీ టీకొట్టు వెనకాల నీడపట్టు నుంచే వస్తోందని, అందుకే జిల్లా నేలలన్నిటిలోనూ టీపొడి శాతం ఎక్కువగా కనిపిస్తోందని ఒక పుకారు ఉండేది.

శిక్షణకు ఉపసంచాలకులు సత్యకేశవరావు గారు స్వయంగా వచ్చారు. ఆయన మాట్లాడితే సర్కారు ఉత్తర్వు చొక్కా తొడుక్కుని వచ్చినట్టుంటుంది. ఇంట్లో కాఫీ కావాలన్నా, “కాఫీ సరఫరా విషయమై తగు చర్య తీసుకొనవలసినది” అంటారని వాళ్ల డ్రైవరు చెప్పేవాడు.

“మానవుడు మూలతః నీడను ఆశ్రయించు జీవి,” అని ఆయన మొదలుపెట్టారు. “కావున ఎచ్చట తవ్వవలెనో మానవుడు నిర్ణయించరాదు. యంత్రము నిర్ణయించును. యంత్రమునకు చెమట పట్టదు.”

వెనక వరుసలో ఎవరో లేచి, పాయింటు పోయి ఏటిలోనో గోడ మీదో పడితే ఏం చెయ్యాలని అడిగారు. ఉపసంచాలకులు జాలిగా నవ్వి మూడో నిబంధన చదివి వినిపించారు. “బిందువును క్షేత్రమునకు అనుగుణముగా జరపరాదు. అవసరమైనచో క్షేత్రమునే బిందువునకు అనుగుణముగా సవరించుకొనవలెను.” ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు.

చెంచురామయ్య అప్పటిదాకా ఫ్యాను కింద సగం నిద్రలో ఉన్నాడు. చివర్లో వచ్చిన మాట ఆయన్ని మేలుకొలిపింది. నెలాఖరులోగా తన పాయింట్లన్నీ, మీటరు తేడా కూడా లేకుండా, పచ్చగా మార్చినవాడికి బదిలీల్లో మొదటి ప్రాధాన్యం ఇస్తారట.

ఆ సాయంత్రమే కోటేశ్వరికి ఫోను చేసి, ఇక చీరాల వచ్చేసినట్టే అనుకోమన్నాడు. ఆవిడ ఇలాంటి శుభవార్తలు చాలా విని ఉంది.

“బీరువాలో మీ కోసం ఒక అర ఖాళీ చేసి పెట్టి మూడేళ్లయిందండీ,” అంది. “ఈ ఏడు కూడా రాకపోతే అందులో నా చీరలు పెట్టేసుకుంటాను. తర్వాత ఏమనుకున్నా లాభం లేదు.”

చీరలు ఒకసారి అర ఎక్కాయంటే మళ్లీ దిగవని చెంచురామయ్యకు తెలుసు. మర్నాడే తవ్వుగోలా, ఫోనూ, గుడ్డసంచులూ పట్టుకుని గుండ్లవారిపాలెం బయల్దేరాడు.

భూనేత్రానికి ఊరంటే ఒక గీత, గీత లోపల ఖాళీ. ఇల్లూ పొలమూ బావీ బడీ అన్నీ దానికి ఒకటే. సర్వేశ్వరుడికి కూడా అంత సమదృష్టి ఉండదేమో. మొదటి పాయింటు హైస్కూలు డాబా మీద పడింది. హెడ్మాస్టరు గారు డాబా మీద మట్టి ఉండదని నచ్చజెప్పబోయారు. ఉండకపోవడం డాబా తప్పుగానీ పాయింటు తప్పు కాదని చెంచురామయ్య మెట్లెక్కాడు. పైన ఫోను ‘ఇంకో మూడు మీటర్లు ఎడమకు’ అంది. ఎడమకు పోతే ‘రెండు మీటర్లు కుడికి’ అంది. కుడికి వస్తే ఉపగ్రహం మనసు మార్చుకుని ‘నాలుగు వెనక్కి’ అంది. కింద పిల్లలు ఆటల పీరియడు మానేసి, సారు పిట్టగోడ మీద చేస్తున్న భరతనాట్యం చూశారు. చివరికి పాయింటు దొరికింది. అక్కడ ఉన్నదల్లా పావురాల రెట్ట. దాన్నే గోకి సంచిలో వేశాడు.

రెండోది దిగుడుబావి నడిమధ్యన పడింది. బొక్కెన వేసి తోడి, తేమ గడిలో ‘సంతృప్తికరం’ అని రాశాడు. ఆ తర్వాతది బైపాసు పక్కన కొత్త లేఅవుటులో, సరిహద్దు రాళ్లు పాతిన ఎవరిదో ఖాళీ స్థలంలో, మర్యాదగా నేల మీద పడింది. చెంచురామయ్య ఆ స్థలం ఎవరిదోగాని చల్లగా ఉండాలని దీవించి, తృప్తిగా తవ్వుకున్నాడు.

నాలుగోది పిచ్చమ్మ ఇడ్లీ హోటల్లో పడింది. హోటల్లో అంటే వాకిట్లోనో బల్లల మధ్యనో కాదు, సరిగ్గా కట్టెల పొయ్యిలో. పొద్దున్నే ఇడ్లీ పాత్ర పొయ్యి మీద ఉంది, జనం ఆకులు ముందేసుకుని ఉన్నారు. చెంచురామయ్య ప్రభుత్వం తరఫున పాత్ర దించమన్నాడు. జనం తరఫున పిచ్చమ్మ దించనంది. చివరికి రెండో వాయి దిగేదాకా ప్రభుత్వం బయట బల్ల మీద కూర్చుని నాలుగు ఇడ్లీలు తిని, ఆ తర్వాత పొయ్యిలో బూడిద తీసుకుని వెళ్లింది.

పది రోజులకు పరీక్ష ఫలితాలు వచ్చాయి. కట్టెల బూడిదలో పొటాషియానికీ, పావురాల రెట్టలో భాస్వరానికీ ఏం కొదవ? గుండ్లవారిపాలెంలో పొటాషు జిల్లాలోనే అత్యధికమని, రెండో అంతస్తు నేలలో భాస్వరం పుష్కలమని జిల్లా కార్యాలయం ప్రకటించింది. పిచ్చమ్మ పేరిట రంగుల భూసార పత్రం ఒకటి వచ్చింది. ‘మీ క్షేత్రము అత్యంత సారవంతము. వేరుశనగ సాగు శ్రేయస్కరము’ అని అందులో ఉంది. పిచ్చమ్మ చదివించుకుని విని, దానికి అద్దం కట్టించి గల్లాపెట్టె మీద తగిలించింది.

“వేరుశనగ వాళ్లు చెప్పేదేంది, రోజూ చట్నీలో వేస్తానే ఉన్నాగా,” అంది.

ఇంతవరకు అంతా సవ్యంగానే నడిచింది. పచ్చ పాయింట్లు పెరుగుతున్నాయి, చెంచురామయ్య చీరాలకు దగ్గరవుతున్నాడు. గొడవంతా భాష దగ్గర వచ్చింది.

పాయింటును ఉత్తర్వుల్లో ‘యాదృచ్ఛిక నమూనా సేకరణ బిందువు’ అని రాసేవాళ్లు. పంచాయతీ ఆఫీసు దగ్గర బంట్రోతు దాన్ని చదవబోయి నాలుక మడతపడి ‘యాదగిరి నమూనా’ అన్నాడు. ఈ యాదగిరి ఎవరు, మన పొలాల్లో ఆయనకేం పని అని ఊళ్లో రెండు రోజులు చర్చ జరిగింది. ఆ సంగతి జిల్లాకు చేరింది. సత్యకేశవరావు గారు తీవ్రంగా ఆలోచించి, పరిపాలన ప్రజల భాషలో ఉండవలెను గనుక ఇకమీదట ‘యాదృచ్ఛిక నమూనా సేకరణ బిందువు’ అను పదమునకు మారుగా ‘చుక్క’ అను సులభ పదము వాడవలెనని ఉత్తర్వు చేశారు. దానిమీద పంచాయతీ గోడకు ఒక నోటీసు అంటించారు.

‘గుండ్లవారిపాలెం గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ దిగువ సర్వే నంబర్లలో చుక్కలు పడినవి.’

నోటీసు అంటించిన సాయంత్రం, సర్కారువారు పొలం పొలానికీ చుక్క పోయిస్తున్నారట అని కొందరు గ్లాసులు పట్టుకుని వచ్చారు. వాళ్లను పంపించడం తేలికే. మర్నాడు పొద్దున వచ్చినవాళ్లతోనే వచ్చింది చిక్కు. వాళ్ల చేతుల్లో గ్లాసులు లేవు, పాసు పుస్తకాలున్నాయి. మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

ఆ వైపు ఊళ్లలో చుక్క అనే మాటకు ఒక చరిత్ర ఉంది. తెల్లదొరల కాలంలో భూములు కొలిచినప్పుడు, ఎవరి పొలమో తెలిసినచోట పేరు రాశారు. తెలియనిచోట, తెలుసుకోవడానికి బద్ధకమేసినచోట, పేరు రాయవలసిన గడిలో చుక్కలు పెట్టి పోయారు. దొరలు పోయారుగాని చుక్కలు పోలేదు. చుక్కల భూమి అంటే దున్నుకోవచ్చు, పన్ను కట్టుకోవచ్చు, కానీ అమ్ముకోవడానికి లేదు, అప్పు పుట్టదు, రిజిస్ట్రారు మొహం చూడడు. ఆ చుక్క చెరిపించుకోవడానికి తాతలు మొదలుపెట్టిన తిరుగుడు మనవలు పూర్తిచేసేవాళ్లు. అలాంటి ఊళ్లో సర్కారువారే గోడ ఎక్కించి, చుక్కలు పడినవి అని చాటారు.

అందరికంటే ఎక్కువగా అదిరిపోయినవాడు ఓబులకొండయ్య. వాగు పక్కన ఆయనకు మూడెకరాల చెలక ఉంది. దాని చుక్క కోసం వాళ్ల నాన్న తిరిగి తిరిగి కన్నుమూశాడు. తర్వాత ఈయన తిరిగి, మోకాలి చిప్పలు అరిగాక, పోయినేడే ఆ చుక్క చెరిపించుకున్నాడు. ఆ రోజు ఊరందరికీ బెల్లం పంచాడు. ఇప్పుడు చెంచురామయ్య పచ్చగా మార్చుకోవలసిన పాయింట్లలో ఆఖరిది, ఆ ఒక్కటీ తప్ప అన్నీ అయిపోయాయనుకున్నది, సరిగ్గా ఆ చెలక మధ్యలో ఎర్రగా వెలుగుతోంది.

చెంచురామయ్య తవ్వుగోల భుజాన వేసుకుని వెళ్లేసరికి, పాయింటు ఉన్నచోట నులకమంచం వేసి ఉంది. మంచం మీద ఓబులకొండయ్య కూర్చుని ఉన్నాడు. మంచం కోళ్లకు నాలుగు పక్కలా రాళ్లు కూడా అడ్డు పెట్టి ఉన్నాయి.

ఇది ఆ చుక్క కాదు పెద్దాయనా, ఊరికే గుప్పెడు మట్టి తీసే గుర్తు, అని చెంచురామయ్య చాలాసేపు బోధించాడు. ఇది పచ్చబడితేగాని చీరాలలో ఉన్న పెళ్లాం దగ్గరికి బదిలీ రాదని కూడా చెప్పుకున్నాడు. ముసలాయన శ్రద్ధగా విన్నాడు.

“మా నాయనకూ ఇట్నే చెప్పారబ్బయా,” అన్నాడు. “ఏముందిలే కొండయ్యా, ఊరికే చుక్కే గదా అన్నారు. నువ్వు తవ్వితే చుక్క నాటుకుంటది. నేను లేవను.”

పోనీ పక్కన రెండడుగుల అవతల తవ్వుకోమన్నాడు. అదే నేల, అదే మట్టి, కావాలంటే రెండు గుప్పిళ్లు తీసుకోమన్నాడు. కానీ రెండడుగుల అవతల తవ్వితే ఫోను ఒప్పుకోదు. ఆ మాట చెప్పడానికి చెంచురామయ్యకే సిగ్గేసింది. మూడో నిబంధన గుర్తుచేసుకున్నాడు. క్షేత్రాన్ని సవరించవచ్చుగాని, క్షేత్రం మీద మంచం, మంచం మీద మనిషి, మనిషి మీద కోపం ఉంటే దేన్ని సవరించాలో అందులో రాయలేదు. నెలాఖరు దగ్గరికి వచ్చేస్తోంది. ఫోనులో కోటేశ్వరి చీరల మాట ఎత్తడం లేదు. ఎత్తకపోవడానికే ఆయనకు భయమేసింది.

గత్యంతరం లేక జిల్లాకు కబురు పెట్టాడు. ఒక ముసలివాడు బిందువును ఆక్రమించాడని వినగానే సత్యకేశవరావు గారు జీపులో దిగారు. వెనక ఊరంతా చేరింది. ఆయన చెలక గట్టు మీద నిలబడి, శాస్త్రము, నమూనా, జాతీయ ప్రగతి అనే మూడింటినీ తాకుతూ దీర్ఘంగా ఉపన్యసించారు. ఓబులకొండయ్య మంచం మీదే చేతులు జోడించి, చుక్కను ఆ పక్క పోరంబోకులోకి జరిపితే తన ప్రాణం నిలబెట్టిన పుణ్యం దక్కుతుందన్నాడు.

“అసంభవము,” అన్నారు ఉపసంచాలకులు. “చుక్క కదలదు. పెద్దాచిన్నా భేదము దానికి లేదు. రేపు నా సొంత నేల మీద పడినను నేను దానిని అంగుళము జరుపను.”

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే ఆయన ఫోను మోగింది. ఇంటి నుంచి వాళ్లావిడ. ఉపసంచాలకులు రెండుసార్లు ‘చుక్కా?’ అన్నారు. తర్వాత ఆయన భాషలోంచి ‘వలెను’లూ ‘చున్నది’లూ ఒక్కొక్కటే రాలిపోవడం చెంచురామయ్య కళ్లారా చూశాడు. ‘ఎవడన్నాడు? ఎక్కడ? మనదా?’ అని మాత్రం మిగిలింది.

జరిగిందేమిటంటే, ఆ నోటీసు ప్రతులు అలవాటు ప్రకారం అన్ని శాఖలకూ ‘తగు చర్య నిమిత్తము’ పంపారు. ఏ శాఖకు తగిన చర్య ఆ శాఖ తీసుకుంది. ఆబ్కారీవాళ్లు చుక్క అన్న మాట చూసి సారా కాస్తున్నారని పిచ్చమ్మ హోటలు మీద పడి, పొయ్యి వాసన చూసి, ఇడ్లీలు తిని వెళ్లారు. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా ‘చుక్కలు పడిన సర్వే నంబర్లు’ అన్న శీర్షిక చదివి, ఇంత స్పష్టంగా ప్రభుత్వమే చెప్పాక ఇంకా ఆలోచించేదేముందని, ఆ నంబర్లన్నిటినీ చుక్కల భూముల్లోకి ఎక్కించేశాడు. బైపాసు పక్క కొత్త లేఅవుటులో, చెంచురామయ్య దీవించి తవ్విన ఖాళీ స్థలం, ఉపసంచాలకులు రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని భార్య పేరిట కొన్నది. ఇంటి అప్పు కాగితాల కోసం ఆవిడ ఆ పొద్దున రిజిస్ట్రారు ఆఫీసుకు వెళితే, మీది చుక్కల భూమమ్మా, మీ వారి సంతకంతోనే వచ్చింది అన్నారట.

సత్యకేశవరావు గారు ఫోను జేబులో పెట్టుకున్నారు. గట్టు దిగి వచ్చి మంచం పట్టె పట్టుకున్నారు.

“కొంచెం జరగండి,” అన్నారు.

“నేను జరుగుతా సారూ,” అన్నాడు ఓబులకొండయ్య, చోటిస్తూ. “చుక్కేగా జరగనిది.”

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కాసేపటికి ఉపసంచాలకులు చెంచురామయ్యను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, లేఅవుటులో చుక్కను ఎవరికీ తెలియకుండా రోడ్డు మీదకు నెట్టడం కుదురుతుందా అని అడిగారు. చెంచురామయ్య ఎగతాళి చెయ్యాలని అనలేదు, నిజంగా నిబంధన గుర్తొచ్చే అన్నాడు.

“మూడో నిబంధన ప్రకారం చుక్క కదలదు సార్. మీ స్థలాన్నే కొంచెం పక్కకు జరుపుకోవాలి.”

ఊరు గొల్లుమంది. ఓబులకొండయ్య మాత్రం నవ్వలేదు. పక్కనున్న మనిషిని ఎగాదిగా చూశాడు. ఆయన మొహంలో వాళ్ల నాన్న మొహం కనిపించిందో ఏమో, రిజిస్ట్రారు దగ్గర ఏ కిటికీలో అర్జీ ఇవ్వాలో, ఏ గుమాస్తా మధ్యాహ్నం భోజనమయ్యాక మంచి మాట మీద ఉంటాడో ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో చెంచురామయ్య వైపు తిరిగాడు.

“నువ్వు తవ్వుకో అబ్బయా. పడాల్సింది ఎట్టాగూ పడె. నీ పెళ్లామన్నా ఇంట్లో ఎదురుచూడకుండా ఉంటది.”

చెంచురామయ్య తవ్వుగోల భుజం మీంచి దించాడు. ఇంతకాలం ఈ ముసలాయన్ని చీరాలకు అడ్డమనుకున్నందుకు తనమీద తనకే కోపమొచ్చింది. మంచం కిందికి దూరి, పైన ఇద్దరూ అలాగే కూర్చుని ఉండగా, గుప్పెడు మట్టి తీశాడు. ఫోనులో ఆఖరి పాయింటు పచ్చబడింది.

సత్యకేశవరావు గారు ఊరుకునే మనిషి కాదు. జిల్లాకు చేరగానే మళ్లీ తీవ్రంగా ఆలోచించారు. చుక్కను జరపడం కుదరదు, చెరపడం కుదరదు. కనుక తప్పు చుక్కది కాదు, చుక్క అన్న మాటది. ‘చుక్క’ అను పదము ప్రజలలో అపోహలకు తావిచ్చుచున్నందున, దానికి మారుగా అదే ఆకారము గల ‘సున్నా’ అను పదము వాడవలెనని, వెంటనే సవరించిన నోటీసును అన్ని శాఖలకూ తగు చర్య నిమిత్తము పంపవలెనని ఉత్తర్వు చేశారు. ‘ఈ దిగువ సర్వే నంబర్లలో సున్నా’ అని నోటీసు వెళ్లింది.

రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా మళ్లీ శీర్షిక చదివాడు. ఆ నంబర్లన్నిటినీ చుక్కల భూముల్లోంచి తీసేశాడు. తీసేసి, విస్తీర్ణం గడిలో సున్నా వేశాడు. ఓబులకొండయ్య చెలక సున్నా ఎకరాలు. పిచ్చమ్మ హోటలు సున్నా గజాలు. ఉపసంచాలకుల వారి ఇంటి స్థలానికి అసలు నేలే లేదు. ఆయన ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆ కిటికీ దగ్గర నిలబడుతున్నారని, క్యూలో పక్కవాళ్లతో మామూలు తెలుగే మాట్లాడుతున్నారని డ్రైవరు చెప్పాడు.

నెలాఖరుకు చెంచురామయ్యకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. మొదటి ప్రాధాన్యమన్న మాట శాఖ నిలబెట్టుకుంది. బదిలీలు కూడా ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తోంది. పేరు సరిగ్గా ఉంది, హోదా సరిగ్గా ఉంది, ప్రస్తుత స్థానం నుంచి తక్షణమే విడుదల చేయడమైనదని కూడా ఉంది. ‘బదిలీ అయిన స్థలము’ అన్నచోట మాత్రం ఇలా ఉంది:

. . . . . . . . . .

జిల్లాకు ఫోను చేశాడు. ఆ సమయానికి ఖాళీల వివరం అందక యంత్రం చుక్కలు పెట్టి ఉంటుందన్నారు. వాటిని తీసి ఊరి పేరు రాయొచ్చు కదా అన్నాడు. యంత్రం పెట్టిన చుక్కను మనిషి కదపరాదు కదా అన్నారు. ఇక్కడి నుంచి విడుదలైపోయాడు, అక్కడికి అన్న చోటు లేదు. ఇన్నాళ్లూ బస్సులో కాపురమని నవ్వినవాళ్లకు ఇప్పుడు ఆ బస్సు ఎక్కడికి పోతుందో కూడా చెప్పలేడు. కోటేశ్వరికి ఫోను చెయ్యడానికి మొహం చెల్లక, కాళ్లు ఎటు తీసుకుపోతే అటు పోతే, అవి వాగు పక్క చెలకలోకి తీసుకుపోయాయి.

ఓబులకొండయ్య అరక కట్టి దున్నుతున్నాడు. సున్నా ఎకరాలు దున్నడానికి ఆయనకు మధ్యాహ్నం దాకా పట్టేట్టుంది. ఎడ్లను ఆపి కాగితం చదివించుకుని, ఆ గడి మీద వేలు పెట్టి చూసి, చాలా రోజుల తర్వాత పకపకా నవ్వాడు.

“ఓరి పిచ్చోడా, చుక్కలుంటే భయపడాల్సింది మాలాంటోళ్లురా. నీకు కాదు,” అన్నాడు. “చుక్కలంటే అది ఎవురిదీ కాదని. ఎవురిదీ కాందాంట్లో ఎవుడు పోయి కూచుంటే వాడిది. పన్నెండేళ్లు కదలకుండా అనుభవంలో ఉన్నావంటే నిన్ను లేపేవాడు లేడు. నీకు యాడ కావాల్నో ఆడికి పో. పోయి మంచమేసుకో.”

చెంచురామయ్య ఆ ముసలాయన కాళ్లకు దణ్ణం పెట్టాడు. పిచ్చమ్మ దగ్గర దారికి ఇడ్లీలు కట్టించుకుని, వేరుశనగ చట్నీ మరిచిపోకుండా అడిగి వేయించుకుని, బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున చీరాల కార్యాలయంలో కిటికీ పక్కన ఒక ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. అక్కడి అధికారి ఉత్తర్వు చూపించమన్నాడు. చూపించాడు. ఇందులో చీరాల అని లేదే అన్నాడు అధికారి. చీరాల కాదని కూడా లేదు సార్ అన్నాడు చెంచురామయ్య. అధికారి కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూసి, చుక్కల వ్యవహారం కనక తన చేతికి మట్టి అంటకూడదని అనుకుని, ‘తగు చర్య నిమిత్తము’ అని రాసి జిల్లాకు పంపించాడు. అంటే ఇక పన్నెండేళ్లదాకా భయం లేదు.

సాయంత్రం పెట్టె పట్టుకుని ఇంటికి వెళ్లేసరికి కోటేశ్వరి గుమ్మంలో నిలబడిపోయింది. శనివారం కాదు కదా అంది. ఇకనుంచి అన్నీ శనివారాలే అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి బీరువా తలుపు తీసింది. ఆయన అర నిండా చీరలున్నాయి. మొన్ననే సర్దాను, ఇక రారనుకున్నాను అంది, కళ్లు తుడుచుకుంటూ. ఆయన మంచం మీద కూర్చుని, ఓబులకొండయ్య చెప్పిన న్యాయమంతా వివరంగా చెప్పాడు. ఆవిడ విని, నవ్వి, నాలుగు చీరలు తీసి పక్కన పెట్టింది. రెండు చొక్కాలు పట్టేంత చోటు తేలింది.

“ప్రస్తుతానికి ఇందులో సర్దుకోండి,” అంది. “మిగతా అర సంగతి పన్నెండేళ్లు కదలకుండా అనుభవంలో ఉన్నాక చూద్దాం.”